అది హమ్మింగ్ బర్డ్ కాదు, కందిరీగా కాదు

నూరు వరహాల పూల ముందు గాల్లో ఆగి తేనె తాగే బుల్లి జీవిని వీడియో తీసి "మన ఊరికి హమ్మింగ్ బర్డ్ వచ్చింది" అని పెడుతున్నారు. అన్నల్లారా, హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాల పిట్ట. మన దగ్గర ఉండదు. మీరు తీసింది రెక్కల పురుగుని, హాక్ మాత్ అంటారు. ఆ కుటుంబంలో ఎక్కువ శాతం రాత్రి తిరిగేవే. ఇది మాత్రం పట్టపగలు తిరుగుతుంది.

ఈసారి వస్తే కాసేపు నిలబడి చూడండి. పూవు మీద వాలదు. గాల్లోనే ఉండి పొడుగాటి నాలుక పూవు గొట్టంలోకి దింపి తాగుతుంది, మళ్ళీ చుట్ట చుట్టేసుకుంటుంది. ఆ నాలుకని కొండి అనుకుని మనోళ్ళు తువ్వాలుతో కొట్టేస్తారు. పాపం, అది కుట్టదు. ఇందులో ఒక రకానికి రెక్కలు అద్దంలా ఉంటాయి. పుట్టినప్పుడు వాటి మీద పొడి ఉంటుంది, ఎగరడం మొదలెట్టగానే రాలిపోతుంది.

ఆ అద్దం రెక్కల దాని పిల్ల పురుగు గంధరాజం ఆకు తింటుంది. తోక మీద కొమ్ము ఉంటుంది, చూస్తే భయమేస్తుంది గానీ ఏమీ చెయ్యదు. నాలుగు రెమ్మలు పోయాయని, పత్తికి తెచ్చి మిగిలిన మందు పెరట్లో కొట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పక్కనే కరివేపాకు, కింద కోళ్ళు, చుట్టూ పిల్లలు. నాలుగు రెమ్మల కోసం అంత అవసరమా?

"కొమ్ము పురుగు నువ్వు చేను తినేస్తుంది కదా" అంటారు. తింటుంది. అది వేరే రకం, రాత్రి తిరిగేది, వీపు మీద పుర్రె బొమ్మ ఉంటుంది, తేనెపట్టులో దూరి తేనె కూడా తాగుతుంది. దాన్ని చేలో చేత్తో ఏరెయ్యండి, లోతు దుక్కి చేస్తే మట్టిలో ఉన్న కోశాలు బయటపడతాయి. అరకు వైపు కాఫీ రైతులకి మాత్రం అద్దం రెక్కలదీ ఆకు తినేదే, వాళ్ళ లెక్క వేరు.

ఇంకోటి, నాటు బొప్పాయిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు కదా. ఆ పుప్పొడి మోసేవాటిలో ఈ హాక్ మాత్‌లు ముఖ్యమైనవి, సందె వేళ ఎక్కువ వస్తాయి. కాయ నిలవడం లేదనేవాళ్ళు ముందు ఆ టైములో మందు కొట్టడం ఆపి చూడండి.

ఇంట్లో గంధరాజం ఉంటే ఆకు తిప్పి చూడండి. పురుగు ఉంటే ఫోటో పంపండి, తోక కనపడేలా.