పాత వెర్షన్ వాళ్లని వదిలేస్తారా?

రైతు సోదరులారా, "అప్‌డేట్ చేస్తేనే పనిచేస్తుంది" అని ఫోన్‌లో వస్తే తప్పు మన పాత ఫోన్‌దే అనుకుంటాం. ఎందుకండీ?

బిట్‌కాయిన్ సంగతి చూడండి (కొనమని చెప్పట్లేదు, ఆ జోలికి పోవద్దు). దాని లెక్కల పుస్తకం నకళ్లు వేల కంప్యూటర్లలో ఉంటాయి, వాటినే నోడ్లు అంటారు. 2013 మార్చిలో 0.8 వెర్షన్ నోడ్లు ఒక పెద్ద బ్లాకుని, అంటే ఆ పుస్తకంలో ఒక పేజీని, ఒప్పుకున్నాయి. 0.7 నోడ్లు చాలావరకు ఒప్పుకోలేదు, వాటి పాత డేటాబేస్ అంత భారం మోయలేకపోయింది. పుస్తకం రెండుగా చీలింది.

అప్పుడు పాతవాళ్లని మారమనలేదు. కొత్త వెర్షన్‌లో ఉన్న పెద్ద మైనర్లే 0.7కి వెనక్కొచ్చారు, బ్లాకుకి 25 కాయిన్ల చొప్పున వచ్చిన రాబడి వదులుకుని మరీ!

మరి మన పంట నమోదు యాప్ మార్చేవాళ్లు ముందుగా ఒక పాత ఫోన్‌లో నడిపి చూస్తున్నారా? ఈసారి గ్రామసభలో అడుగుదాం.