పఠనాభిరుచికి శత్రువు ఫోను కాదు

“ఫోను వచ్చి పిల్లల్లో చదివే అలవాటును చంపేసింది” అన్న మాట ఈనాడు మెదక్ పట్టణంలోనూ, పక్కనున్న మన హవేలిఘనపూర్‌లోనూ పెద్దల నోట తరచుగా వినిపిస్తున్నది. వైద్యవృత్తిలో జీవితం గడిపినవాడిగా ఈ మాటను నేను అంగీకరించలేను. జ్వరానికి కారణం తేల్చకుండా మందు రాయడం ఎంత తప్పో, పఠనాభిరుచి ఎందుకు క్షీణించిందో విచారించకుండా ఫోనును నిందించడమూ అంతే తప్పు.

ఫోను నిర్దోషి అని నా వాదన కాదు. ఏడాది లోపు శిశువుకు తెర చూపరాదనీ, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెరను తదేకంగా చూస్తే రెప్పపాట్లు తగ్గి కళ్లు పొడిబారతాయి. పొద్దుపోయే దాకా చూస్తే నిద్ర చెడుతుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఫోను లాక్కున్నంత మాత్రాన ఏ పిల్లవాడూ పాఠకుడు కాడు. ఖాళీ అయిన ఆ చేతిలో పుస్తకం పెట్టేవారెవరు? పక్కన కూర్చుని చదివి వినిపించేవారెవరు? రాత్రి పదింటి దాకా తాము ఫోనులో మునిగి ఉండి, పిల్లవాణ్ణి మాత్రం పుస్తకం తెరవమంటే ఆ మాటకు విలువ ఉంటుందా?

పఠనాభిరుచి ఉపదేశంతో రాదు. మనిషి నుంచి మనిషికి అందుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1989లో కొందరు శిశువైద్యులు ఈ సత్యాన్ని గుర్తించి, పరీక్షకు వచ్చిన పసిపిల్లలకు పుస్తకాలివ్వడం, వాటిని బిగ్గరగా చదివి వినిపించమని తల్లిదండ్రులను ప్రోత్సహించడం మొదలుపెట్టారు. క్రమంగా ఆ ప్రయత్నం దేశమంతటా వ్యాపించింది. అక్షరం కంటికి తెలియకముందే కథ చెవికి ఇష్టం కావాలన్నది అందులోని సారం.

నిజానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాల స్థాపనను తన ఆశయాల్లో చేర్చుకున్నది. ఆ కృషి కొనసాగింపుగానే 1930లో మన ఉమ్మడి మెదక్ జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగారు. అటు గుంటూరు జిల్లాలో 1935లో కాలువల మీద పడవలో గ్రంథాలయమే నడిచింది. వారు పుస్తకాన్ని పాఠకుడి వద్దకు తీసుకువెళ్లారు. మనం “పిల్లలు చింపేస్తారు” అని బడికి వచ్చిన పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే చెల్లిస్తున్నాం. స్థానిక సంస్థలు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. గ్రామసభలో మురికికాలువ గురించి అడుగుతాం, వీధిదీపం గురించి అడుగుతాం. మన పన్ను ఎంత జమ అయింది, దానితో ఎన్ని కొత్త పుస్తకాలు వచ్చాయి అని ఎన్నడైనా అడిగామా?

“అన్నీ ఫోనులోనే దొరుకుతుండగా గ్రంథాలయం దేనికి?” అనేవారున్నారు. వారి మాట సగమే నిజం. తెలుగు వికీసోర్సులో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎన్నో పాత తెలుగు గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో పిల్లల బొమ్మల కథలు తెలుగులోనే ఉన్నాయి. అయితే ఆ సంగతి పక్కవారికి చెప్పేవారేరి? కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి శుభోదయం బొమ్మలు, ‘ఈ కషాయంతో మధుమేహం మాయం’ అనే సందేశాలు. నాలుగు పుటలు నిలకడగా చదివి, ఇది ఎవరన్నారు, ఆధారమేమిటి అని ప్రశ్నించే అలవాటు లేనివారు ఆ సందేశాన్ని నమ్మి మాత్రలు మానేస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాక గాని ఆసుపత్రికి రారు. అందుకే పఠనాన్ని నేను కాలక్షేపంగా గాక, ప్రజారోగ్యానికి సంబంధించిన విషయంగా చూస్తున్నాను.

చేయదగినది చేతిలోనే ఉంది. హవేలిఘనపూర్‌లో రేపటి ఉపాధ్యాయులను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. ఆ ఛాత్రోపాధ్యాయులు వారానికి రెండు సాయంత్రాలు ఊరి పిల్లలకు కథలు చదివి వినిపిస్తే, పిల్లలకు కథా దక్కుతుంది, వారికి బోధనాభ్యాసమూ దక్కుతుంది. చదువు వచ్చిన తాతలు, నాయనమ్మలు మనుమల పక్కన రోజుకు ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. చదువు రానివారు మనుమల చేత చదివించుకుని వినవచ్చు. దూరాన ఉన్నవారు ఒక కథను తమ గొంతుతో చదివి, అదే ఫోనులో పంపవచ్చు. అప్పుడు ఫోనే మన కాలపు పడవ గ్రంథాలయమవుతుంది.

బడి పెద్దలకు ఒక్క విన్నపం. బీరువా తాళం తీయండి. కొన్ని పుస్తకాలు చిరుగుతాయి, చిరగనివ్వండి. ఎవరూ ముట్టక చెదలు తిన్న పుస్తకం కన్నా, పదిమంది పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకం వెయ్యిరెట్లు మేలు.