తోలు కుట్టే మిషను: ఎవరి ఎంపిక? ఎవరి పేర?

ఈ సంచిక పని మొదలుపెట్టిన రోజుల్లో ఐదుగురు స్త్రీలు మా ఆఫీసుకు వచ్చారు. అందరూ ఒకే పొదుపు సంఘం వాళ్లు, ఒకే మాదిగవాడ వాళ్లు. వారిలో ముగ్గురు తోలు సంచులు, పర్సుల తయారీలో శిక్షణ పొందారు. అప్పు తీసుకుని కరెంటు మోటారు, బల్ల ఉన్న పెద్ద మిషను కొత్తది కొన్నారు. కానీ అది తోలును కుట్టడం లేదు. పలచటి మేకతోలు ఒక్క పొరైతే ఎలాగో కుడుతోంది. అంచు మడిచి మూడు నాలుగు పొరలయ్యేసరికి దారం తెగుతోంది, కుట్లు తప్పుతున్నాయి. "మాకే చేతనైతలేదేమో అనుకొని నెల రోజులు దాని మీదనే కూసున్నం" అంది వారిలో పెద్దామె. కొన్నరోజు "ఇది దేన్నైనా కుడుతుందమ్మా" అన్న దుకాణదారు ఇప్పుడు "మీకు నేర్పినవాళ్లనే అడగండి" అంటున్నాడు. వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

వాళ్లకు పని చేతకాక కాదు. వాళ్లకు అంటగట్టింది బట్టలు కుట్టే మిషను.

స్త్రీలకు ఉపాధి అనగానే ప్రభుత్వాలకు, స్వచ్ఛంద సంస్థలకు, చివరికి మనలాంటి సంఘాలకు కూడా మొదట గుర్తొచ్చేది కుట్టుమిషనే. 1982లో మొదలై 1999లో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయిన డ్వాక్రా నాటి నుంచీ ఇదే తంతు. ఏ పనికి, ఏ సరుకుకు, ఎంత మందానికి అని అడిగినవాళ్లు అరుదు. ఆడవాళ్లకు మిషను ఇచ్చాం అన్న లెక్క కాగితం మీదికి ఎక్కితే చాలు. తోలు పని దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు ఇంకా ఖరీదైన పొరపాటవుతుంది. తంగేడు చెక్క, లంద, ఆరె, రంపె తరతరాలుగా ఆ వాడల ఇంటిల్లిపాదీ బతుకులో భాగం. తోలు ఎటు సాగుతుందో, ఎక్కడ పలచనో చేత్తో తడిమి చెప్పగలిగిన స్త్రీలున్నారు. మిషను కొనేటప్పుడు మాత్రం వాళ్లను ఎవరూ అడగరు. (ఈ పని వద్దనుకుని వేరే చదువులకు, ఉద్యోగాలకు పోతున్న ఆడపిల్లలను తిరిగి ఇందులోకి రమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఇష్టపడి చేస్తామన్నవాళ్ల గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం.)

బట్టకూ తోలుకూ తేడా ఏమిటి? మామూలు కుట్టుమిషనులో బట్టను ముందుకు లాగేవి కింది పళ్లు మాత్రమే. పైన ఉన్న ఫుట్ ఊరికే అదిమి పట్టుకుంటుంది. బట్ట దాని కింద జారుతుంది కాబట్టి సరిపోతుంది. తోలు జారదు, ఫుట్‌కు అతుక్కుంటుంది. కింది పొర ముందుకు పోతుంది, పై పొర అక్కడే ఆగుతుంది. కుట్లు చిన్నాపెద్దా అవుతాయి, పళ్ల గాట్లు తోలు మీద పడతాయి. తప్పు కుట్టిన బట్టను విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలులో సూది దిగిన రంధ్రం పూడదు. కుట్లు మరీ దగ్గరగా పడ్డా ఆ వరసన చిల్లుల కాగితంలా చినుగుతుంది. అంటే మిషను చేసే ప్రతి తప్పుకూ ఒక తోలు ముక్క పోతుంది. ఆ నష్టం శిక్షణ ఇచ్చినవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు.

అందుకే తోలుకు వాడేది వాకింగ్ ఫుట్ మిషను. కింది పళ్లు, సూది, పై ఫుట్ మూడూ కలిసి అడుగు వేసినట్టు కదిలే రకాన్ని కాంపౌండ్ ఫీడ్ లేదా ట్రిపుల్ ఫీడ్ అంటారు. పొరలన్నీ ఒక్కటిగా జరుగుతాయి. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఉన్నదంతా దీనికే పెట్టాలి, మిగతావన్నీ తర్వాత. కొత్త వాకింగ్ ఫుట్ కొనలేని సంఘం కొత్త బట్టల మిషను కొనడం కంటే పాత వాకింగ్ ఫుట్ కొనడం మేలని మా అభిప్రాయం. మోటారును రేపు మార్చుకోవచ్చు, బల్లను ఊళ్లో వడ్రంగి చేసిస్తాడు. మిషను తోలును లాగే పద్ధతిని మాత్రం మార్చలేం.

ఇక మిషను ఆకారం. సంచులు, పర్సులు, బెల్టులు మొదలుపెట్టేవారికి చదును బల్ల రకం చాలు. సంచి అడుగున గుండ్రంగా తిప్పి కుట్టాలంటే గొట్టంలాంటి చేయి ఉన్న సిలిండర్ బెడ్ కావాలి. బూట్ల పై భాగాలకు స్తంభంలా లేచి ఉండే పోస్ట్ బెడ్ వాడతారు. చేత్తో చక్రం తిప్పే చిన్న మిషనులు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటి ఫుట్ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది కాబట్టి చెప్పుల మరమ్మతుకు బాగుంటాయి. సంచికి పొడుగాటి తిన్నని కుట్టు వేయడానికి అవి పనికిరావు.

మోటారు సంగతి చెప్పాలి. పాత మిషనులకు ఎక్కువగా క్లచ్ మోటారు ఉంటుంది. స్విచ్ వేసినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంటుంది, మనం కుట్టకపోయినా కరెంటు తింటుంది. కాలు కొంచెం గట్టిగా ఆనిస్తే పరుగెత్తుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు భయం అక్కడే పుడుతుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది, ఒక్కొక్క కుట్టే వేసుకుంటూ పోవచ్చు. తోలుకు కావలసింది వేగం కాదు, నిదానంగా బలంగా దిగే సూది. ఫ్యాక్టరీలు తీసేసిన మిషనులు కొన్నిటికి త్రీ ఫేజ్ మోటార్లు ఉంటాయి. మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా కొంటే ఇంటికి తెచ్చాక మోటారు ఖర్చు మళ్లీ మీద పడుతుంది.

పాత మిషను చూడటానికి వెళ్లేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్లకూడదు. మీరు కుట్టబోయే తోలు ముక్కలు, మీ దారం వెంట తీసుకెళ్లండి. పర్సు అంచులో ఒక మిల్లీమీటరు తోలు నాలుగు పొరలైతే నాలుగు మిల్లీమీటర్లు. మీ సరుకులో అన్నిటికన్నా మందమైన చోటు ఏదో అది ఇంటి దగ్గరే కొలుచుకోండి. దుకాణదారు గుడ్డపేలిక మీద కుట్టి చూపిస్తే ఒప్పుకోవద్దు. ముందు చేతి చక్రాన్ని మెల్లగా తిప్పి ఎక్కడైనా పట్టేస్తుందేమో చూడండి. రెండు పొరల నుంచి నాలుగు పొరల మీదికి ఎక్కించి, మళ్లీ దించి కుట్టండి. ఆ మెట్టు దగ్గర కుట్టు తప్పితే కారణం అడగండి. ముక్కను తిరగేసి అడుగు దారం వదులుగా ఉందేమో చూడండి. సూది ఏ రకమో రాసుకోండి. వాకింగ్ ఫుట్ మిషనుల్లో ఎక్కువగా వాడే డీపీ×17 అయితే దొరకడం కష్టం కాదు. తోలుకు మొన కోసుగా ఉండే సూది వేయాలి, బట్టల సూది కాదు. చెక్కతో ఊనిన తోలుకు నూలు దారం వాడితే అది క్రమంగా పుచ్చిపోతుంది. నైలాన్ కానీ పాలిస్టర్ కానీ వాడాలి. మిషను కాలి కింద పెట్టి చూడవలసింది రేపు దాని ముందు కూర్చోబోయే మనిషే. ఆమె భర్తా కాదు, ప్రాజెక్టు అధికారీ కాదు.

పాత మార్కెట్లో తల, బల్ల, మోటారు విడివిడిగా అమ్ముతారు. ధర కూడా విడివిడిగా అడిగి రాయించుకోవాలి.

డబ్బు ఎక్కడి నుంచి? 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవారు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, మొదటి విడత అప్పు లక్ష వరకు 5 శాతం వడ్డీకి, తీర్చడానికి 18 నెలలు. ఆ 15,000తో మోటారు, బల్లతో సహా కొత్త వాకింగ్ ఫుట్ మిషను రాదన్నది అలా ఉంచండి. అసలు చిక్కు మరొకటుంది. ఈ పథకంలో కుటుంబానికి ఒక్కరికే నమోదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఆ ఒక్క పేరు ఎవరిదవుతుందో వేరే చెప్పాలా? చెప్పుల పని అనగానే మగవాడి పేరు రాసేస్తారు. ఇంట్లో సంచులు కుట్టే స్త్రీ పనిమనిషి లెక్కలోకి కూడా రాదు. పని చేసే ప్రతి మనిషికీ విడిగా నమోదు ఉండాలని మనం అడగాలి. ఈలోగా ఇంట్లో నిజంగా మిషను మీద కూర్చునేది ఎవరో వాళ్ల పేరే ఇవ్వమని ఇళ్లలోనే గొడవ పడక తప్పదు. పీఎంఈజీపీలో స్త్రీలకు, దళితులకు గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ ఉంది, సొంత వాటా 5 శాతం చాలు. ముద్ర శిశు అప్పు 50,000 వరకు తాకట్టు లేకుండా ఇవ్వాలి.

ఏ దారిన డబ్బు వచ్చినా బిల్లు ఎవరి పేర ఉందో చూసుకోవాలి. మన దగ్గరికి వచ్చే కేసుల్లో భార్యాభర్తలు విడిపోయినప్పుడు స్త్రీ బంగారం గురించి అడుగుతుంది, సామాను గురించి అడుగుతుంది. తాను కుట్టిన మిషను గురించి అడగడానికి వెనకాడుతుంది, బిల్లు అతని పేర ఉంటుంది కాబట్టి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించినదైనా, కొనుక్కున్నదైనా ఆమెకే సంపూర్ణంగా చెందుతుంది. క్రైస్తవ స్త్రీలకైతే సొంతంగా చేసుకున్న పనిలో వచ్చిన ఆదాయం వారి విడి ఆస్తి అని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టమే చెప్పింది. చట్టం ఉంది, రుజువు కావాలి. ఆ రుజువు పేరు, మిషను నెంబరు, తేదీ ఉన్న బిల్లు. సంఘం కలిసి కొన్నదైతే ఎవరి వాటా ఎంతో, ఒకరు ఊరు విడిచిపోతే ఏం చేయాలో తీర్మానం పుస్తకంలో కొనకముందే రాసుకోవాలి.

ఆ ఐదుగురి మిషను చెడ్డదేమీ కాదు, బట్టలకు బాగానే పనిచేస్తుంది. రెడీమేడ్ దుస్తులు కుట్టే ఒక దుకాణం కొంత తక్కువ ధరకు తీసుకుంటానంది. వచ్చిన డబ్బుతో చెన్నైలో తోలు వ్యాపారం జరిగే పెరియమేట్‌కు వెళ్లి పాత వాకింగ్ ఫుట్ చూద్దామనుకుంటున్నారు. అంత దూరం మీరెందుకు, నేను తెస్తానని ఒకామె భర్త అన్నాడట. "తొక్కేది నేను, చూసేది గూడ నేనే" అని ఆమె సంచిలో తోలు ముక్కలు సర్దుకుంది. వాళ్లలో ఎవరికీ తమిళం రాదు. చెన్నైలో ఉన్న మన పాఠకురాళ్లలో ఎవరైనా ఒక పూట వాళ్ల వెంట దుకాణాలు తిరగగలిగితే మాకు ఉత్తరం రాయండి.