ఫస్ట్ ఆప్షన్‌కి ఎవరి పర్మిషన్ కావాలి?



వెబ్ ఆప్షన్ల కాలం రాగానే మన పిల్లల చెవిన ఒక మాట పడుతుంది: "నీ స్థాయికి తగ్గ కాలేజీ పెట్టుకో." తెలుగులో మార్కుల లెవెలూ స్థాయే, మనిషి హోదా కూడా స్థాయే. చెప్పేవాళ్లు మార్కుల గురించే అంటున్నామనుకుంటారు. వాడ నుంచి వచ్చిన పిల్లకు మాత్రం రెండోది వినిపిస్తుంది. ఆమె ఇంట్లో తరతరాలుగా విన్నది అదే.

అసలు లెక్క చూద్దాం. ఈఏపీసెట్, అదే మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో, కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి లిస్టు తీసుకుని పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి దాంట్లో సీటు లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైన పెద్ద కాలేజీ పెట్టినంత మాత్రాన పదో నంబర్లో ఉన్న కాలేజీ చేజారదు. కానీ లిస్టులో పెట్టని కాలేజీలో నీ ర్యాంకుకు సీటు ఉన్నా నీకు రాదు. ఇక్కడ ఆశపడితే పోయేదేం లేదు. భయపడితేనే సీటు పోతుంది.

"ఎస్సీ లాస్ట్ ర్యాంకు ఇంత, నీకెట్లా వస్తది?" అంటూ పాత లిస్టులు చూపిస్తారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ అమల్లోకి వచ్చాక 15 శాతం కోటా 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులైంది. అంతకు ముందటి లిస్టుల్లో ఎస్సీలందరిదీ ఒకటే వరుస. ఆ పాత నంబరుతో జోస్యం చెప్తే నమ్మొద్దు. పైగా ఓపెన్ సీటు అగ్రకులాల సొత్తేమీ కాదు, ర్యాంకు వస్తే అదీ మనదే. సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల జనరల్ కేటగిరీలోనే సీటు తెచ్చుకున్నాడు.

సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ, వాటి చుట్టూ ఐటీ కంపెనీలు, అన్నీ గచ్చిబౌలిలోనే. ఆ అద్దాల బిల్డింగులు ఊడ్చే అమ్మల్లో, గేట్ల దగ్గర నిలబడే నాన్నల్లో మనవాళ్లు ఎందరో. వాళ్ల పిల్లలు రోజూ ఆ గేట్ల ముందు నుంచే పోతారు. లోపల చదవడానికి అప్లయ్ చేయొచ్చని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. ఆ ఖాళీలోకి ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు దూరుతారు. పాస్‌వర్డ్, ఓటీపీ తీసుకుని తమ కాలేజీనే ఫస్ట్ ఆప్షన్‌గా పెట్టేస్తారు. మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ వాళ్లకు రాబడి.

అమెరికాలో కరోలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీల పరిశోధనలోనూ ఇదే తేలింది. బాగా చదివే పేదింటి పిల్లల్లో ఎక్కువమంది పెద్ద యూనివర్సిటీలకు అసలు అప్లయే చేయరు.

"సీటొస్తే డబ్బులెక్కడివి? పోయాక అవమానిస్తే?" అని అడుగుతారు. రెండూ నిజమైన భయాలే. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత కూలీ కొడుకు 17,500 రూపాయలు టైముకు కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి సెప్టెంబర్ 30న తిరిగి తెచ్చుకున్నాడు. ఇక 2016 జనవరి 17ను మనం మరచిపోయేదుందా? ఫెలోషిప్ ఆగి, హాస్టల్ నుంచి వెళ్లగొట్టబడిన రోహిత్‌ను ఆరోజే పోగొట్టుకున్నాం.

అందుకని మన పిల్లల్ని చిన్న కాలేజీల్లో దాచిపెడదామా? గేటు బయటే ఉండిపోతే ఆ లోపలి కులాన్ని ఎవరు నిలదీస్తారు? పిల్లను ఒంటరిగా పంపకపోవడమే మనం చేయాల్సిన పని.

కాబట్టి సంఘాల మిత్రులకు ఒక విన్నపం. ఆప్షన్ల వారంలో ప్రతి బస్తీలో ఒక లాప్‌టాప్ పెట్టుకుని కూర్చోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీయించండి. సీటు ఫీజు కోసం చిన్న నిధి పోగుచేయండి. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో సీటొస్తే ఎస్సీలకు కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉందని చెప్పండి. చేరిన క్యాంపస్‌లో మన విద్యార్థి సంఘం నంబరు చేతిలో పెట్టి పంపండి.

విద్యార్థులారా, కింద నాలుగు ఖాయంగా వచ్చే కాలేజీలు పెట్టుకోండి. పైన మాత్రం మీకు నచ్చినవే పెట్టండి. కాదని చెప్పాల్సింది కంప్యూటర్. దానికంటే ముందే మనకు మనం కాదని చెప్పుకోవద్దు.

జై భీమ్.