మోటారు బండియు మనుష్య ప్రాణమును

మన దేశమున 2022వ సంవత్సరమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మృతినొందిరని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. అందు పాదచారులును, ద్విచక్రవాహనములపై పోవువారును అధిక సంఖ్యాకులు. అయినను కార్లలో కూర్చుండి ప్రాణములు గోల్పోయినవారును వేలకొలది గలరు. దీనినంతయు విధివిలసితమనియో, చోదకుని అజాగ్రత్త యనియో సరిపెట్టుకొనుట మనకు అలవాటైనది. మనుష్యుడు పొరబడుట సహజము. ఆ పొరబాటునకు ప్రాణమే మూల్యము కాకుండునట్లు బండిని నిర్మింపవచ్చునని తెలిసి దశాబ్దములు గడచినవి.

ఎంత గట్టి బండియైన అంత క్షేమకరమని పూర్వము తలచెడివారు. మెర్సిడెస్ సంస్థయందలి ఇంజనీరు బేలా బారెన్యి ఈ భ్రమను తొలగించెను. బండి ముందు వెనుకల భాగములు నలిగిపోవలెను, మనుష్యులు కూర్చుండు నడిమి గది మాత్రము చెదరకుండవలెను అని ఆయన 1951లో పేటెంటు కోరెను. నలుగుచున్న లోహము తాకిడి శక్తిని తానే మ్రింగును. బండి ఆగుటకు పట్టు కాలము రెప్పపాటులో ఏ కొంత భాగమో పెరుగును. ఆ కొద్ది వ్యవధియే ప్రాణరక్ష. 1959లో వోల్వో సంస్థకు చెందిన నీల్స్ బోలిన్ భుజమును నడుమును కలిపి పట్టియుంచు సీటుబెల్టును రూపొందించెను. ఆ సంస్థ దానిని తనకే దాచుకొనక ఇతర నిర్మాతలును వాడుకొననిచ్చినది. బెల్టు పట్టియుంచిన దేహమునకే ఎయిర్ బ్యాగు దిండువలె పనిచేయును. బెల్టు లేనివానికి అది హానియు చేయవచ్చును.

విద్య కొరవడలేదు, కొరవడినది సంకల్పము. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున అమ్ముడుపోవు ఐదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టించి చూచెను. ఎయిర్ బ్యాగులు లేని ఆ ఐదింటికిని పెద్దల రక్షణ విషయమున ఒక్క నక్షత్రమైనను దక్కలేదు. అందొకటియైన వోక్స్‌వాగన్ పోలో రెండు ఎయిర్ బ్యాగులతో పరీక్షింపబడినపుడు నాలుగు నక్షత్రములు పొందెను. కొన్నింటి కట్టడమే బలహీనమగుటచే ఎయిర్ బ్యాగు అమర్చినను ఫలము స్వల్పమని తేలినది. నాలుగేండ్లకు, 2018లో, ఇచ్చటనే తయారైన టాటా నెక్సాన్ ఐదు నక్షత్రములు గడించెను. మనవారికి చేతగాదను మాట అంతటితో తీరినది.

ముందు సీట్లకు రెండు ఎయిర్ బ్యాగులు నేడు నిర్బంధమైనవి. ఆరింటిని విధింతుమన్న ప్రతిపాదన 2023లో విరమింపబడెను. అదే సంవత్సరము అక్టోబరు 1న ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షయు నిర్మాతల ఇచ్ఛకు విడువబడినది. ధర పెరుగునని నిర్మాతలు వాదింతురు. చౌకబండి కొనువాని ప్రాణము చౌకయా? ధనికునికి ఒక రక్షణ, సామాన్యునికి వేరొక రక్షణ యనుట న్యాయము గాదు. ప్రతి కారును పరీక్షించి, వచ్చిన నక్షత్రములను అమ్మకపు స్థలముననే ప్రకటింపవలెనని శాసింపవలయును.

ప్రజలకును కర్తవ్యము గలదు. లీటరు నూనెకు ఎన్ని మైళ్లని అడుగువారు అనేకులు. ఢీకొన్నచో ఏమగునని అడుగువారు అరుదు. కొనువాడు అడుగనిది అమ్మువాడు ఈయడు. వెనుక సీటున కూర్చుండువారును బెల్టు కట్టుకొనుట నేటినుండియే ఆరంభింతురు గాక.