నాన్న పేరును తెలుగులో రాసిద్దాం

బడులు తెరిచిన తొలి రోజుల్లోనే జూన్ మూడో ఆదివారం వచ్చేస్తుంది. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం ఇంకా పూర్తికాదు, పిల్లలు మాత్రం 'ఫాదర్స్ డే' అంటూ మొదలుపెడతారు. అంగట్లో కార్డులు, బొమ్మ ముద్రించిన కప్పులు, తాళంచెవుల గొలుసులు వేలాడుతుంటాయి. వాటి మీద ఉండే మాట ఒకటే, అదీ ఇంగ్లీషులోనే. నూట యాభయ్యో, రెండొందలో పెట్టి అది కొనమని పిల్లవాడు అమ్మను సతాయిస్తాడు. కొనిపెట్టే డబ్బూ చివరకు నాన్నదే.

ఈ పండుగ మనది కాదని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. దీని పుట్టుకలో అంగడి లేదు, ఒక కూతురు ఉంది. అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ తల్లి పోయాక ఆరుగురు పిల్లల్ని తండ్రి ఒక్కడే పెంచాడని, అలాంటి వాళ్లకూ ఒక రోజు ఉండాలని పట్టుబట్టింది. 1910 జూన్ 19న అక్కడ తొలిసారి జరిపారు. ఆ దేశం దాన్ని చట్టంలోకి ఎక్కించడానికి 1972 దాకా పట్టింది. కష్టపడి పెంచిన తండ్రిని తలచుకోవడానికి ఏ దేశపు రోజైతేనేం? దాన్ని ఎలా జరుపుతున్నాం అన్నదే నా పేచీ.

నా పేచీ మొదట నాతోనే. కొన్నేళ్ల కిందట నేనే తరగతిలో పిల్లల చేత కార్డులు చేయించాను. ఫోనులో చూపిన నమూనా చూసి అందరూ ఒకే బొమ్మ, ఒకే ఇంగ్లీషు వాక్యం దించారు. సోమవారం ఒక తండ్రి బడికి వచ్చాడు. గులాబీ తోటలో కూలి. కార్డు చొక్కా జేబులోనే ఉంది. "సార్, బాగుంది. అయితే ఏమి రాసినాడో వాడు సెప్పడంలే, సిగ్గుపడతాడు. మీరు సదివి సెప్పండి" అన్నాడు. చదివి చెప్పాను. తల ఊపి, "అంతేనా" అన్నాడు. ఆ 'అంతేనా' నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇంట్లో పొద్దస్తమానం తెలుగు మాట్లాడే ఆ తండ్రికి, తెలుగు బడిలో చదివే కొడుకు, ఇద్దరిదీ కాని మాటల్లో ఒక కాగితం ఇచ్చాడు. ఇప్పించింది నేను.

ఆ మరుసటి ఏడు కార్డులు మానేశాం. ఇంటి తలుపు పక్కన తగిలించేలా నాన్న పేరును తెలుగు అక్షరాల్లో రాసిన పలక ఒకటి చేయమన్నాను. చిన్న పనే అనుకున్నాను. తీరా చూస్తే అది తరగతినంతా వారం రోజులు కదిలించింది.

హోసూరు చుట్టుపక్కల మా తండ్రుల్లో చాలామంది తమ పేరును తెలుగులో ఎన్నడూ చూసుకోలేదు. రేషన్ కార్డు, పట్టా, కరెంటు బిల్లు అన్నీ తమిళంలోనే. ఆధార్ మీద తమిళం, ఇంగ్లీషు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ, భ లకూ ఒకటే. గంగప్ప అని ఇంట్లో పిలిచే మనిషి పేరును కాగితం చూసి రాసిన పిల్ల 'కంగప్ప' అని రాసింది. భద్రప్ప 'పత్రప్ప' అయ్యాడు. ఇందులో తమిళ లిపి తప్పేమీ లేదు, చదివేవాళ్లకు ఎక్కడ ఎలా పలకాలో తెలుసు. అయితే ఆ పేరును తెలుగులోకి తెచ్చుకోవాలంటే కాగితం చాలదు. "నీ పేరు ఎట్లా పలకాల నాయనా?" అని అడగాల్సిందే. కొందరు పిల్లలు నాన్నను పేరు గురించి అడగడం అదే మొదటిసారి.

రెండో చిక్కు ఇంటిపేరు. తమిళనాట పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని తొలి అక్షరమే, ఇంటిపేరు కాదు. రెండు మూడు తరాలుగా కాగితాల మీద లేని ఇంటిపేర్లు పెళ్లిసంబంధాలప్పుడు మాత్రమే బయటికొస్తాయి. "మా ఇంటిపేరు ఏంది?" అని పిల్లలు అడిగితే కొందరు నాన్నలు తడుముకున్నారు. అవ్వ చెప్పింది. ఒక ఇంట్లో అవ్వకూ మర్చిపోతే పక్క ఊళ్లోని పెదతాతకు ఫోను చేశారు. పలక మీద ఇంటిపేరుతో సహా నాన్న పేరు నిలబడింది.

కాగితం భాష ఊరిని బట్టి మారినా చిక్కు మాత్రం అన్నిచోట్లా ఉంది. బరంపురం, రాయగడలలో నాన్న పేరును ఒడియాలో చదివితే రమణ 'రొమొణొ' అవుతాడు. సోలాపూర్, భివండీలలో మరాఠీ కాగితం మీద పొట్టి ఒకారం ఉండదు కాబట్టి కొమురయ్య 'కోమురయ్య' అవుతాడు. కర్ణాటకలోని తండ్రులది కాస్త మేలు. కన్నడం చదివినవాళ్లు తెలుగు అక్షరాల్లో సగానికి పైగా చూడగానే పోల్చుకుంటారు, తలకట్టు తేడా పిల్లలు చూపిస్తే చాలు. యానాంలో తెలుగు వీధి బోర్డుల మీదే ఉంది, అక్కడివాళ్లు ఈ పలక మాట వదిలేసి కింద చెప్పే మాటల పుస్తకం మీదికి నేరుగా పోవచ్చు.

పలకకు కొనాల్సిందేమీ లేదు. పాత పెళ్లిపత్రికలు రెండు మూడు కలిపి అన్నం మెతుకులతో అతికిస్తే గట్టి అట్ట తయారు. ఎర్రమన్ను పూసి, ఆరాక సున్నంతో రాస్తే తీరుగా ఉంటుంది. అక్షరాల మీద మినుములు, పెసలు అతికిస్తే ఇంకా అందమని మొదటి ఏడు అలా చేయించాను. వారం తిరక్కుండా ఒక ఇంట్లో ఎలుక నాన్న ఇంటిపేరంతా తినేసింది. కాబట్టి గింజలు వద్దు. చిన్న తరగతుల వాళ్లకు అక్షరాలు చుక్కలుగా పెట్టి ఇవ్వొచ్చు, కానీ అక్కలు, అన్నలు మొత్తం రాసి పెట్టడం మాత్రం వద్దు. వంకర అక్షరం వంకరగానే ఉండనివ్వండి.

రెండోది ఉత్తరం. ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక విన్నపం: నల్లబల్ల మీద నమూనా రాయకండి. రాస్తే ముప్పై మంది నాన్నలూ ఒకే నాన్న అయిపోతారు, ప్రతివాడూ 'నా హీరో' అవుతాడు. నేను మూడు ప్రశ్నలు మాత్రం ఇస్తాను. నాన్న చేతులతో ఏ పని చేస్తాడు? నాన్న నీతో అన్న ఏ మాట నీకు గుర్తుంది? నాన్నను అడగాలనుకుని అడగనిది ఏమిటి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల కోసమే ఈ పని చేయాలి. "నువ్వు రాత్రి షిఫ్టుకు పోతే బస్సులో నిద్రపోతావా?" అని ఒక పిల్ల రాసింది. "నువ్వు ఏడో తరగతిలో ఎందుకు నిలిచిపోయినావు?" అని ఇంకొకడు.

రాసిన ఉత్తరాన్ని చేతికిచ్చి ఊరుకుంటే పని సగమే. తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకున్న నాన్నకు, అసలు బడి మెట్లే ఎక్కని నాన్నకు పిల్లే చదివి వినిపించాలి. పక్కన కూర్చుని, వేలు పెట్టి, గట్టిగా. చదవలేకపోవడం నాన్నకు చిన్నతనంగా ఉండొచ్చు, అందుకే 'నీకు రాదు కదా' అన్న మాట రాకుండా 'నేను చదువుతాను, విను నాయనా' అనమని ముందే పిల్లలకు నేర్పాలి. మన బడిలో నేర్చిన చదువు ఇంట్లో ఇలా గట్టిగా వినబడే సందర్భాలు ఎన్ని ఉన్నాయి? తమిళనాట 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి, ఇంగ్లీషు ఎలాగూ ఉంది. హోంవర్కు, పరీక్షలు, మార్కులు అన్నీ ఆ రెంటి చుట్టూ తిరుగుతుంటే తెలుగు వాచకం సంచిలోనే ఉండిపోతోంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం: నాన్న మాటల పుస్తకం. పాత నోటుపుస్తకంలో మిగిలిన ఖాళీ కాగితాలు కుట్టుకుని, నాన్న పనిలో వాడే తెలుగు మాటలు ఎక్కించడం. సేద్యం చేసే ఇంట్లో మడక, మేడి, కాడిమాను, గొర్రు, గుంటక వస్తాయి. వాటిలో సగం ఇప్పుడు అటక మీద ఉన్నాయి, ట్రాక్టరు వచ్చింది. అటక మీద నుంచి దించి బొమ్మ గీయడం కూడా ఆ ఆదివారం పనే. తెలంగాణ నుంచి వెళ్లి సోలాపూర్‌లో స్థిరపడిన నేతవాళ్ల పిల్లలకు పడుగు, పేక, నాడె, కండె ఉన్నాయి. యానాం పిల్లలకు గోదావరి, వలలు, తెడ్డు, తెరచాప ఉన్నాయి. డ్రైవరు నాన్న దగ్గర ఏముంటాయి అనుకోకండి. మా తరగతిలో ఒకడు నాన్న లారీలో తిరిగిన ఊళ్లన్నీ వరసగా రాసుకొచ్చాడు, ప్రతి ఊరి పక్కనా అక్కడ తిన్నదేమిటో కూడా. ఫ్యాక్టరీలో పనిచేసే నాన్నల మాటలు ఎక్కువగా ఇంగ్లీషువే. ఉంటే ఉండనీ, తెలుగు అక్షరాల్లో రాయండి: లేతు, వెల్డింగు, షిఫ్టు.

మొదటి పేజీలో మాత్రం నాన్నను ఏమని పిలుస్తారో అది రాయాలి. మా వైపు నాయన. సోలాపూర్ ఇళ్లలో బాపు. ఇంకోచోట అయ్య, అప్ప, అబ్బ. పుస్తకంలో 'నాన్న' అని ఉంది కదా అని ఉపాధ్యాయులు దిద్దకండి. ఇంట్లో పిలిచే పిలుపే సరైన తెలుగు.

ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని కావాలంటే పులి–మేక ఆట ఉంది. గడప దగ్గర బండ మీద సుద్దతో గీయొచ్చు, అట్ట మీద గీస్తే దాచుకోవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. తమిళులు దీన్నే ఆడుపులి ఆట్టం అంటారు, పక్కింటివాళ్లనూ పిలవండి. గీతలు ఎలా గీయాలో నాన్నకు రాకపోతే తాతకు వస్తుంది. పిల్లల చేతిలో ఫోను లేకుండా నాన్న గంటసేపు వాళ్ల ఎదురుగా కూర్చోవడమే ఇక్కడ లాభం, నాన్న చేతిలోనూ ఫోను ఉండకూడదు మరి.

ఆదివారమే జరపాలన్న పట్టుదల వద్దు. పూలతోటల వాళ్లకు ఆదివారం లేదు, తెల్లారకముందే కోతకు పోవాలి. షిఫ్టుల వాళ్ల సెలవు ఏ బుధవారమో పడుతుంది. పనుల కోసం వేరే ఊళ్లో ఉన్న నాన్నలకు ఉత్తరాన్ని ఫోనులో చదివి వినిపించండి. నాన్న ఇంట్లో ఉండే సాయంత్రమే పండుగ.

ఇక నేను చేసిన ఇంకో తప్పు. ఉత్తరాలు రాయించిన మొదటి ఏడు, వెనక బెంచీలో ఒక అబ్బాయి కాగితం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు. "ఏం రాయలేదురా?" అని అందరిలో గద్దించాను. పక్కవాడు చెప్పాడు, వాళ్ల నాన్న పోయి ఏడాది కాలేదని. హాజరుపట్టీ నా చేతిలోనే ఉంది, అందులో సంరక్షకుడి పేరు దగ్గర తల్లి పేరే ఉంది. నేను చూడలేదు. అప్పటినుంచి ముందే పట్టీ చూసుకుని, 'నిన్ను పెంచుతున్న మనిషికి' అని తరగతి అందరికీ చెబుతున్నాను. అది తాత కావచ్చు, మేనమామ కావచ్చు, చాలాసార్లు అమ్మే. ఇంకా కష్టమైనది ఒకటి ఉంది: తాగి వచ్చి కొట్టే నాన్న. ఆ పిల్ల చేత 'మా నాన్న దేవుడు' అని రాయించడం అబద్ధం నేర్పడమే. ఆమెకు పులి–మేక బొమ్మ గీసే పని ఇవ్వండి, విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి.

తల్లిదండ్రులతో ఒక్క మాట దాచకుండా చెబుతాను. పిల్లను ఏ బడిలో వేయాలన్నది మన ఇళ్లలో ఎక్కువగా నాన్న మాట మీద తేలుతుంది. ఐదో తరగతి కాగానే పిల్లల్ని ఇంగ్లీషు బడికి మార్చే తండ్రులను నేను తప్పుపట్టలేను, ఉద్యోగాల భయం వాళ్లది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో 1956 నుంచీ చెబుతూనే ఉంది. కానీ 'తెలుగు చదివి ఏమొస్తుంది సార్?' అని అడిగే తండ్రికి అధికరణం జవాబు కాదు. తన పేరును, తన ఇంటిపేరును, తన పనిలోని మాటల్ని కూతురు రాసి చదివి వినిపిస్తే, ఆయన బడి మార్చినా మార్చకపోయినా, తెలుగు చదువు వల్ల ఇంటికి ఏం వచ్చిందో ఒకసారైనా చెవులారా వింటాడు. బడి మారిన పిల్ల కూడా ఆ నోటుపుస్తకాన్ని వెంట తీసుకుపోతుంది.

మా బడిలో ఈసారి గురువారానికల్లా ఇంటిపేర్లు కనుక్కుని రావాలి. అవ్వల్ని, తాతల్ని అడగడానికి రెండు రాత్రులు పడుతుంది, తల్లులు కాస్త గుర్తుచేయండి. శుక్రవారం పలకలు. ఎర్రమన్ను నేను తెస్తాను. పాత పెళ్లిపత్రికలు ఇంటికి రెండు చొప్పున పంపితే చాలు.