గాలి తుపాకీయే కదా!

రెండేళ్ల క్రితం, ఇక్కడ అమెరికాలో మా వీధి చివర గరాజ్ సేల్‌లో మా ఆయన ఒక పాత షెరిడాన్ బ్లూ స్ట్రీక్ కొనుక్కొచ్చారు. విస్కాన్సిన్‌లోని రేసీన్ ఊళ్లో తయారైన గాలి తుపాకీ. ఇత్తడి గొట్టం, వాల్‌నట్ చెక్క. కింది చెక్కను దించి ఎత్తి గాలి కొట్టాలి. కొన్నప్పుడు ఎన్ని పంపులు కొట్టినా గాలి నిలిచేది కాదు. లోపలి సీళ్లు ఎండిపోయాయి, పాత నూనె జిగురైపోయింది.

మూడు నెలలు పట్టింది. సీళ్లు తెప్పించారు, వాల్వు విప్పి కడిగారు, చెక్కకు లిన్సీడ్ ఆయిల్ పట్టించారు. వంటింటి కుళాయి వాషరు మాత్రం ఇంకా కారుతూనే ఉంది, అది వేరే సంగతి. ఆ ఓపిక చూసి నాకూ ముచ్చటేసింది. పాత వస్తువుకు ప్రాణం పోయడం మంచి పనే, కాదనను.

నా గొడవంతా ఆ తర్వాతి సంగతి గురించే. బాగైన తుపాకీని గరాజ్ గోడకు రెండు మేకులు కొట్టి తగిలించారు. తాళం పెట్టమంటే, "గాలి తుపాకీయే కదే!" అన్నారు.

పోయిన నెల మావాడి పుట్టినరోజుకు నలుగురు పిల్లలొచ్చారు. కేకు కోద్దామని పిలవడానికి గరాజ్‌లోకి వెళ్తే ఒకడు లెక్కపెడుతూ పంపు కొడుతున్నాడు. అయిదు, ఆరు... ఇంకొకడు ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. "ఖాళీదేలే ఆంటీ" అన్నాడు. ఖాళీదని వాడికెవరు చెప్పారు?

అక్కచెల్లెళ్లారా, ఈ దేశపు ఫెడరల్ చట్టం దీన్ని ఫైర్‌ఆర్మ్ కింద లెక్కపెట్టదు. అందుకే పాత కుర్చీ కొన్నంత తేలిగ్గా మా ఇంటికొచ్చింది. కానీ సెకనుకు 350 అడుగుల వేగం దాటే పెల్లెట్ గన్నులు 16 ఏళ్లలోపు పిల్లలు వాడకూడదని ఇక్కడి వినియోగదారుల భద్రతా కమిషనే చెబుతోంది. బాగున్న షెరిడాన్ ఎనిమిది పంపులకు ఆ వేగాన్ని సునాయాసంగా దాటేస్తుంది. పైగా వాల్వు పాడవకుండా ఒక పంపు గాలి లోపలే ఉంచమని ఈ సరదా ఉన్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. మా ఆయనా అలాగే ఉంచారు. వాల్వు మీద ఉన్న శ్రద్ధ పిల్లల కళ్ల మీద ఉండొద్దా?

గాలి నిలవనన్నాళ్లూ అది కోరల్లేని పాము. కోరలు అతికించింది మీరు. బుట్ట కూడా మీరే తేవాలి. సీళ్ల కోసం మూడు వారాలు ఎదురుచూసిన మనిషికి తాళం కొనడానికి అరగంట దొరకలేదంటే నేను నమ్మను.

ఆ రాత్రే చెప్పేశాను. తుపాకీ బీరువాలో, తాళంచెవి మీ దగ్గర, పెల్లెట్లు వేరే గదిలో. కాదంటే వచ్చే గరాజ్ సేల్ మన ఇంటి ముందే.

మర్నాడు పొద్దున్నే బీరువాకు తాళం పడింది. మీ ఇళ్లలోనూ ఉంటే, పుట్టినరోజు దాకా ఆగకండి.